చెక్క ఓడ నమూనాకు పట్టీలు వేయడం ఎలా?

చెక్క ఓడ నమూనా చేయాలని ముచ్చటపడేవాళ్లలో చాలామంది తెరచాపలనూ తాళ్లనూ చూసి వెనక్కి తగ్గుతారు. ఓపిక ఉంటే తాళ్లు ఎవరైనా కట్టగలరు. ఓడ బాగా వచ్చేదీ రానిదీ అంతకు చాలా ముందే, దాని ఒంటికి పట్టీలు, అంటే సన్నని పొడవాటి చెక్క బద్దలు, వేసేటప్పుడే తేలిపోతుంది. అక్కడ కూడా అసలు పనితనం కనిపించేది జిగురు పూయకముందే, కొలతలోనూ చెక్కడంలోనూ.

ఉదాహరణగా బీగిల్‌ను తీసుకుందాం. 1820లో ఇంగ్లండ్‌లోని వూలిచ్‌లో నీటిలోకి దిగిన ఈ ఓడ, 1831 డిసెంబరు 27న చార్లెస్ డార్విన్‌తో ప్లిమత్ నుంచి ప్రపంచయాత్రకు బయలుదేరింది. పొడవు సుమారు 27.5 మీటర్లు. అరవయ్యో వంతుకు తగ్గిస్తే 46 సెంటీమీటర్లు, మామూలు బల్ల మీద సరిపోతుంది. ముక్కు గుండ్రంగా, మొద్దుగా ఉంటుంది కాబట్టి పట్టీ వంచే విద్య బాగా ఒంటబడుతుంది. అడుగున రాగిరేకులు వస్తాయి కాబట్టి చిన్న లోపాలు వాటి కింద కప్పబడిపోతాయి. మొదటి ఓడ చేసేవారికి నేను నమ్మకంగా చెప్పేది ఇదే.

కావలసినవి

నక్షా, చట్రాలు ఉన్న కిట్. మొదటి పొరకు 5 మిల్లీమీటర్ల వెడల్పు, 1.5 మిల్లీమీటర్ల మందం గల బాస్‌వుడ్ పట్టీలు. రెండో పొరకు మిల్లీమీటరు లోపు మందం గల వాల్‌నట్ పట్టీలు. ఫెవికాల్ వంటి తెల్ల జిగురు, పదునైన కత్తి, స్టీలు స్కేలు, చిన్న చిత్రిక, గరుకు కాగితం, బట్టల క్లిప్పులు, హెయిర్ డ్రయ్యర్. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. చెక్క పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి ముక్కుకు మాస్కు మాత్రం తప్పనిసరి.

1. అస్థిపంజరం నిలబెట్టండి

పొడవాటి ప్లైవుడ్ వెన్నుపట్టెలోని గాళ్లలో అడ్డు చట్రాలను దించాలి. ప్రతి చట్రం వెన్నుపట్టెకు నిటారుగా ఉందో లేదో మూలమట్టంతో చూసుకున్నాకే జిగురు పెట్టండి. ముక్కు దగ్గరి మొదటి రెండు చట్రాల మధ్య ఖాళీలో మెత్తని బాల్సా చెక్క ముక్కలు నింపితే, బాగా వంగే చోట పట్టీకి ఆనుకోవడానికి ఆధారం దొరుకుతుంది.

2. చట్రాల అంచులు వాలుగా అరగదీయండి

నా ఉద్దేశంలో మొత్తం పనిలో అతి ముఖ్యమైన దశ ఇదే. కిట్‌లో వచ్చే చట్రాల అంచులు నిటారుగా ఉంటాయి. పట్టీ వాటి మీదుగా వాలుగా వెళ్తుంది. అంచును అరగదీయకపోతే పట్టీ ఒక్క మూలను మాత్రమే తాకుతుంది, జిగురు పట్టదు, ఓడ ఒళ్లు ఎగుడుదిగుడుగా తేలుతుంది. ముక్కు వైపు చట్రాల్లో ముందు అంచును, వెనుక వైపు చట్రాల్లో వెనుక అంచును అరగదీయాలి. రెండో అంచు గీత మీద చెయ్యి పడకూడదు, ఎందుకంటే ఓడ ఆకారం అక్కడే ఉంది. నడిమి చట్రాలకు ఒకటి రెండు రుద్దులు చాలు.

గరుకు కాగితాన్ని పొడవాటి చెక్కకు అంటించి, ఒకేసారి రెండు మూడు చట్రాల మీదుగా రుద్దండి. మధ్యమధ్యలో ఒక పట్టీని ముక్కు నుంచి వెనుక దాకా ఆనించి చూడండి. అది ప్రతి చట్రం అంచునూ దాని మందమంతటా తాకాలి. ఎక్కడైనా గుంట కనిపిస్తే ఆ చట్రానికి సన్నని చెక్కముక్క అంటించి మళ్లీ అరగదీయండి. వెనుక భాగంలో వెన్నుపట్టెను కూడా పలుచన చేయాలి. లేకపోతే రెండు వైపుల పట్టీలు కలిశాక ఆ చోటు చుక్కాని తగిలించే నిలువు పట్టె కంటే మందమైపోతుంది. ఈ దశకు ఒక పూట అదనంగా పడితే పడనివ్వండి.

3. కొలిచి పంచండి

మొదటి పట్టీని డెక్కు అంచు వెంబడి వేయండి. దాని కింది నుంచి వెన్నుపట్టె దాకా ఉన్న దూరాన్ని ప్రతి చట్రం మీదా సన్నని కాగితపు పట్టీ చుట్టి కొలవండి. ఉదాహరణకు నడుము దగ్గర ఆ దూరం 100 మిల్లీమీటర్లు అనుకుందాం. 5 మిల్లీమీటర్ల పట్టీలు 20 పడతాయి. ముక్కు దగ్గర 64 మిల్లీమీటర్లే ఉంటే, అవే 20 పట్టీలు అక్కడ ఒక్కొక్కటీ 3.2 మిల్లీమీటర్లకు సన్నబడాలి. వెనుక 110 ఉంటే 10 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. అక్కడ సూదిమొన ఆకారపు పట్టీలు రెండు చొప్పించాలి.

ఒక హద్దు గుర్తుంచుకోండి: పట్టీని దాని వెడల్పులో సగం కంటే సన్నగా చెక్కకూడదు. అంతకన్నా తగ్గాల్సి వస్తే రెండు పట్టీలను కలిపి ఒక్కటిగా ముగించండి. కొలతలన్నీ పెన్సిల్‌తో చట్రాల మీదే గుర్తు పెట్టేయండి.

4. చెక్కండి, వంచండి

కుడి వైపుకొకటి, ఎడమ వైపుకొకటి, రెండు పట్టీలను కలిపి బిగించి ఒకేసారి చిత్రిక పట్టండి. రెండూ అచ్చంగా ఒకేలా వస్తాయి.

పట్టీ మందం వైపు సులువుగా వంగుతుంది, వెడల్పు వైపు వంగనంటుంది. బలవంతాన పక్కకు తోస్తే ఒక అంచు పైకి లేస్తుంది. అలా లేచిందంటే చెక్కడంలో కొలత తప్పిందనే అర్థం. క్లిప్పులతో అణచకుండా తీసి మళ్లీ చెక్కండి. ముక్కు వంపు కోసం పట్టీ కొసను వేడినీళ్లలో పది పదిహేను నిమిషాలు నానబెట్టి, ఓడ మీదే క్లిప్పులతో పట్టి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టండి. తడి చెక్క వెడల్పులో ఉబ్బి ఉంటుంది. తడిగా ఉండగానే అంటిస్తే ఆరాక కుంచించుకుపోయి పట్టీల మధ్య సందులు పడతాయి. పూర్తిగా ఆరాకే జిగురు పూయండి.

5. అంటించండి

చట్రాల అంచుకూ, పక్క పట్టీ అంచుకూ జిగురు పూయండి. కుడి వైపు ఒకటి వేస్తే వెంటనే ఎడమ వైపు ఒకటి వేయాలి. ఒక్క వైపే వరసగా వేసుకుంటూ పోతే వెన్నుపట్టె మెలితిరుగుతుంది, ఆ తర్వాత సరిదిద్దడం ఎవరి వల్లా కాదు. పైనుంచి కొన్ని వేశాక వెన్నుపట్టె దగ్గర మొదలుపెట్టి పైకి రండి. ఆఖరి ఖాళీ నీటిగీత (ఓడ నీటిలో మునిగే హద్దు) కింద పడేలా చూసుకుంటే మంచిది.

6. నునుపు చేసి రెండో పొర వేయండి

సందుల్లో వుడ్ ఫిల్లర్ నింపి, 120, ఆ తర్వాత 180 నంబరు గరుకు కాగితంతో రుద్దండి. కళ్లు మూసుకుని అరచేతితో తడమండి. కంటికి దొరకని గుంట చేతికి దొరుకుతుంది.

రెండో పొర నమూనా తయారీదారుల సౌకర్యం కోసం పుట్టిన పద్ధతి అనుకుంటారు. కానీ బీగిల్‌కు నిజంగానే రెండో పొర ఉండేది. 1831 యాత్రకు ముందు అడుగు భాగమంతా రెండంగుళాల ఫర్ చెక్క పలకలు కొట్టి, వాటిపై ఫెల్ట్ అనే మందపాటి గుడ్డ పరిచి, ఆపైన కొత్త రాగిరేకులు తొడిగారు. రెండంగుళాలంటే మన అరవయ్యో వంతు లెక్కలో సుమారు 0.85 మిల్లీమీటర్లు, దాదాపు మన వాల్‌నట్ పట్టీ మందమే.

నీటిగీత పైన కనిపించే పట్టీలను మాత్రం పొడవాటి ఏకముక్కలుగా వేయకండి. అసలు ఓడల్లో పలకలు ఆరేడు మీటర్లు ఉండేవి కాబట్టి మనకు 10 నుంచి 12 సెంటీమీటర్ల ముక్కలు సరిపోతాయి. ఒకే చట్రం మీద రెండు అతుకులు పడితే వాటి మధ్య కనీసం మూడు వరసలు గడవాలి.

7. రాగి తొడగండి

ఆనాటి బ్రిటిష్ నౌకాదళపు రాగిరేకు నాలుగడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు ఉండేది. మన ఓడకు 20 మిల్లీమీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్ల వెడల్పు వస్తుంది. వెనుక, వెన్నుపట్టె దగ్గర మొదలుపెట్టి ముక్కు వైపు వెళ్లండి. ముక్కు వైపు రేకు దాని వెనుక ఉన్న రేకు మీదికి కొద్దిగా ఎక్కాలి. అప్పుడు నీళ్లు అంచుల కిందికి దూరకుండా జారిపోతాయి. రాగి మీద వేలిముద్రలు పడితే కొన్ని రోజులకే నల్లబడతాయి కాబట్టి పలుచని చేతితొడుగులు వేసుకుని పని చేయండి.