మందు, మత్తుపదార్థాల మీద విద్యార్థుల మనసులో మాట తెలుసుకునే సర్వే: ఎలా చేయాలి?

తను రాసింది లెక్చరర్ కంట పడుతుందేమోనని అనుమానం వచ్చిందా, ఇక విద్యార్థి బుద్ధిమంతుడి జవాబులే రాసిస్తాడు. కాబట్టి ప్రశ్నల కంటే ముందు గోప్యత సంగతి చూసుకోండి. ఈ కాగితాల ఆధారంగా ఎవరినీ శిక్షించబోమని యాజమాన్యం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లుంటే తల్లిదండ్రుల అనుమతి కూడా కావాలి.

పేరు, రోల్ నంబర్ తీసేస్తే సరిపోదు. పుట్టిన తేదీ, సెక్షన్, హాస్టలా ఇల్లా అన్నీ అడిగితే చిన్న క్లాసులో మనిషి ఇట్టే దొరికిపోతాడు. చేతిరాత పట్టివ్వకుండా టిక్కులే పెట్టించండి. కవరు వాళ్లే అంటించి పెట్టెలో వేయాలి. పాఠం చెప్పే లెక్చరర్ గదిలో ఉండకూడదు.

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: ‘తాగలేదు అయితే 20వ ప్రశ్నకు వెళ్లండి’ అని పెడతారు. తాగనివాళ్లు ఐదు నిమిషాల్లో పెన్ను మూసేస్తారు, ఇంకా రాస్తున్నవాళ్ల మీదికి పక్క బెంచీ చూపులు మళ్లుతాయి. అందరికీ అన్ని ప్రశ్నలూ ఉంచి, ప్రతిదాని కింద ‘ఎప్పుడూ తీసుకోలేదు’ అనే గడి ఇవ్వండి.

‘మద్యపానం తప్పని ఒప్పుకుంటారా?’ లాంటి ప్రశ్న దండగ. ‘వారాంతంలో ఒకే విడతలో ఐదు గ్లాసులు తాగితే ఎంత ప్రమాదం?’ అనండి. గ్లాసంటే ఎంతో కూడా రాయాలి: 5 శాతం బీరు 330 మి.లీ.లో దాదాపు 13 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, 40 శాతం విస్కీ 30 మి.లీ.లో తొమ్మిదిన్నర. గంజాయి, నిద్రమాత్రలు, మద్యం దేనికది విడిగా అడగాలి.

‘మీ క్లాసులో నూటికి ఎంతమంది గత 30 రోజుల్లో తాగి ఉంటారు?’ అని అడిగి, తర్వాత తన సంగతి అడగండి. సాధారణంగా ఊహ వాస్తవాన్ని మించుతుంది. సర్వే మొత్తంలో నిజంగా పనికొచ్చేది ఆ తేడాయే. ‘అందరూ తాగుతున్నారు’ అనే నమ్మకాన్ని అంకెలతో కదిలించవచ్చు.

ఊరికే టిక్కులు పెట్టేవాళ్లు బయటపడేలా, అసలు లేని మత్తుపదార్థం పేరొకటి జాబితాలో కలపండి. విద్యార్థుల మద్యం, మత్తుపదార్థాల వాడకం మీద యూరప్‌లో 1995లో మొదలైన ఎస్పాడ్ సర్వే ‘రెలెవిన్’ అని అలాగే పెట్టింది. దాన్ని వాడానన్న కాగితాలను విడిగా పరిశీలించండి.

సెలవులు ముగిసిన వెంటనే చేస్తే 30 రోజుల లెక్క ఉబ్బుతుంది, పరీక్షలప్పుడు కుంగుతుంది. ఆ రోజు రానివాళ్ల సంఖ్యా రాసుకోండి, వాడేవాళ్లలో గైర్హాజరు ఎక్కువ. నివేదిక పట్టికలో ఏ గడిలోనైనా ఐదుగురికంటే తక్కువమంది ఉంటే, మనిషి దొరికిపోకుండా దాన్ని విడిగా చూపక పక్క గడితో కలిపేయండి.