ఎత్తైన సీలింగ్‌లో లైటు పనిచేయడం లేదా? నిచ్చెన వేసే ముందు ఇవి చూడండి

రెండంతస్తుల ఎత్తున్న హాల్లో లైటు ఆరిపోతే అందరూ చేసేది ఒకటే. కొత్త బల్బు జేబులో వేసుకుని నిచ్చెన ఎక్కేస్తారు. మామూలు గదిలో అయితే సరే, అర నిమిషం పని. ఇక్కడ ఒక్కసారి ఎక్కాలంటే సోఫా జరపాలి, నిచ్చెన తేవాలి, పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. కాబట్టి కింద తేలిపోయేదంతా కిందే తేల్చుకోండి.

ముందు చూడాల్సింది, ఆరింది ఒక్క లైటా, ఆ స్విచ్ మీదున్నవన్నీనా? అన్నీ ఆరితే పైన పని లేదు. ఎంసీబీ (మెయిన్ బోర్డులో లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్), గోడ స్విచ్, మెట్ల దగ్గర టూ-వే స్విచ్, వెలుగు తగ్గించే డిమ్మర్ ఉంటే అది, ఈ వరుసలో చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటీ చూడకుండానే ఎక్కుతారు.

తర్వాత ఫోన్ కెమెరా జూమ్ చేసి ఫిట్టింగ్‌ని ఫొటో తీయండి. హోల్డర్ పిన్నుదా స్క్రూదా, గాజు కవర్ మూసి ఉందా, దాన్ని ఎన్ని స్క్రూలు పట్టి ఉంచాయి, అన్నీ కనిపిస్తాయి. పిన్ను బల్బు పట్టుకుని స్క్రూ హోల్డర్ దాకా ఎక్కినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

స్విచ్ ఆపినా మసకగా వెలుగుతోంది

స్విచ్‌లో చిన్న ఇండికేటర్ లైటు ఉంటే దానిగుండా పోయే కాస్త కరెంటుకే ఎల్ఈడీ మిణుకుమంటుంది. ప్రమాదమేమీ లేదు. ఇండికేటర్ లేకపోయినా వెలుగుతోందంటే, కరెంటు తెచ్చే ఫేజ్ వైరు బదులు, తిరిగి వెళ్లే వైరైన న్యూట్రల్‌ని స్విచ్‌కి ఇచ్చారేమో అని అనుమానించాలి. అలా ఉంటే స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. నేల మీద చిన్న షాక్ అయితే చెయ్యి విదిలించుకుంటాం, నిచ్చెన మీద అయితే పడిపోతాం.

స్విచ్ వేసి లైటు పూర్తిగా వెలుగుతుండగా, ఎలక్ట్రీషియన్ చేత స్విచ్ టెర్మినల్స్ మీద టెస్టర్ పెట్టించండి. టెస్టర్ వెలిగితే ఫేజే. రెండింటిమీదా వెలగకపోతే వైర్లు తారుమారయ్యాయి, బోర్డులోనే సరిచేయించాలి. ఏది ఏమైనా ఎక్కేటప్పుడు స్విచ్‌ని నమ్మకండి, మెయిన్ ఆపండి.

కాసేపు వెలిగి ఆరిపోతుంది, మళ్లీ దానంతటదే వస్తుంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఒకరి ఇంట్లో మూసి ఉన్న గుండ్రటి గాజు గ్లోబు, లోపల ఎల్ఈడీ బల్బు. ఎక్కి బల్బు తీసి కిందకి తెచ్చి పెట్టి చూస్తే శుభ్రంగా వెలిగింది. బల్బు బాగుంది కాబట్టి తప్పు హోల్డర్‌దే అనుకున్నాను. మళ్లీ ఎక్కి హోల్డర్ మార్చాను. మర్నాడు సాయంత్రం ఫోన్: "మళ్లీ ఆరిపోయిందండీ." ఈసారి వెళ్లి ఏమీ ముట్టుకోకుండా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. దాదాపు నలభై నిమిషాలకి ఆరింది. కాసేపటికి వచ్చింది. మళ్లీ ఆరింది.

కారణం వేడి. ఎల్ఈడీ బల్బు మెడలో డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది. దాని వేడి చుట్టూ ఉన్న గాలిలోకి పోవాలి. మూసిన గ్లోబులో ఆ గాలికి దారి లేదు. పైగా గదిలో వేడిగాలంతా చేరేది సీలింగ్ కిందకే. డ్రైవర్ ఒక హద్దు దాటి వేడెక్కగానే ఆగిపోతుంది, చల్లారితే మళ్లీ మొదలవుతుంది. ఇలా కొన్నాళ్లు సాగితే డ్రైవర్ లోపల కరెంటుని కాస్త నిలవ ఉంచే కెపాసిటర్ అనే భాగం ఎండిపోయి పూర్తిగా చస్తుంది. పది డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు సుమారుగా సగమవుతుందని లెక్క. "కొత్త బల్బే, ఏడాది కూడా రాలేదు" అనేవాళ్ల ఇళ్లలో నేను ముందు చూసేది కవరే.

మనల్ని మోసం చేసేది కింద పెట్టి చూడడమే. చల్లటి బల్బు రెండు నిమిషాల పరీక్షలో ఎప్పుడూ పాసవుతుంది.

అందుకే గడియారం చూడండి. చల్లగా ఉన్నప్పుడు వేసి, ఎన్ని నిమిషాలకి ఆరుతుందో రెండు మూడు రోజులు రాసుకోండి. ప్రతిసారీ దాదాపు ఒకే సమయమైతే వేడే. లెక్కా పత్రం లేకుండా, తలుపు గట్టిగా వేసినప్పుడో ఫ్యాన్ తిరిగినప్పుడో పోతుంటే లూజ్ కాంటాక్ట్. ఇంకా అనుమానముంటే ఒక సాయంత్రం కవర్ తీసేసి ఉంచండి. ఆరకుండా వెలిగితే ఇక సందేహం లేదు.

తక్కువ వాట్ల బల్బు వేయడం తేలిక మార్గం. కొనేటప్పుడు డబ్బా మీద మూసిన ఫిట్టింగ్‌లకు పనికొస్తుందో లేదో చదవండి, చాలావాటి మీద వద్దనే రాసి ఉంటుంది. ఫిట్టింగే మారుస్తుంటే డ్రైవర్ విడిగా ఉండేది తీసుకుని, దాన్ని చేతికందే చోట పెట్టించండి. మొదట పోయేది ఎక్కువగా డ్రైవరే, ఎల్ఈడీ కాదు. దానికి ఎంత దూరం వైరు లాగవచ్చో తయారీదారు చెప్పిన హద్దు మాత్రం దాటకండి.

మినుకుమినుకుమంటోంది

పిన్ను హోల్డర్‌లో స్ప్రింగులు వేడికి మెత్తబడి పిన్నులు నల్లబడతాయి. ఉప్పుకాగితంతో రుద్దితే కొన్నాళ్లు వస్తుంది. అంత ఎత్తు ఎక్కినవాళ్లు రుద్దడమేమిటి, హోల్డర్ మార్చేయండి. వైరు బిగించిన స్క్రూలు కూడా చూడండి.

ఎలా ఎక్కాలి

రబ్బరు కప్పు తగిలించిన పొడవాటి కర్ర, కిందకి చూసే నున్నటి స్క్రూ బల్బులకి బాగానే పనిచేస్తుంది. పిన్ను బల్బుని పైకి నొక్కి తిప్పాలి కాబట్టి దానితో కుదరదు. గది మధ్యలో గోడ ఉండదు కనుక వాలు నిచ్చెన పనికిరాదు, రెండు కాళ్ల నిచ్చెనే వాడాలి. దాని పై రెండు మెట్ల మీద నిలబడవద్దు. అదీ అందకపోతే చక్రాల పరంజా తెప్పించి, చక్రాలు లాక్ చేశాకే ఎక్కండి. షాండ్లియర్ తుడిచేటప్పుడు దాన్ని గుండ్రంగా తిప్పకండి, పైన వేలాడే మర వదులవుతుంది.

ఎలుక వైరు కొరకడం, పైకప్పు నుంచి నీరు దిగడం అరుదు. మరక కనిపిస్తే తప్ప వాటి జోలికి పోనక్కర్లేదు. కనిపిస్తే మాత్రం ఎంసీబీ దించేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఎలాగూ ఎక్కారు కాబట్టి అదే వయసున్న మిగతా బల్బులు కూడా మార్చేసి, ఒక్కోదాని మెడ మీద మార్కర్‌తో తేదీ రాసి దిగండి.