టామాక్సిఫెన్: అణువు తోక నుంచి రోజూ మాత్ర దాకా

టామాక్సిఫెన్ రొమ్ము క్యాన్సర్‌కు వాడే మందు. బయాప్సీ రిపోర్టులో ముందు వెతకాల్సిన మాట ‘ఈఆర్ పాజిటివ్’. కణితి కణాల్లో ఈస్ట్రోజన్ హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్లు (ఈఆర్) ఉంటేనే టామాక్సిఫెన్ పనికొస్తుంది.

ఈ అణువు మధ్యలో రెండు కార్బన్ల ద్విబంధం, దాన్ని పట్టుకుని మూడు బెంజీన్ వలయాలు, ఒక ఇథైల్ గుంపు ఉంటాయి. ఒక వలయం నుంచి ఆక్సిజన్ మీదుగా పొడవాటి తోక సాగి, నైట్రోజన్ దగ్గర ముగుస్తుంది. వలయాలు రిసెప్టర్‌లో ఈస్ట్రోజన్ కూర్చునే గుంతలోనే కూర్చుంటాయి. తోక మాత్రం బయటికి పొడుచుకొచ్చి, ఆ గుంతకు మూతలాంటి 12వ హెలిక్స్‌ను (రిసెప్టర్‌లోని ఒక మెలితిరిగిన భాగాన్ని) దాని చోట పడనివ్వదు. మూత పడకపోతే రొమ్ము కణానికి ‘పెరుగు’ అన్న కబురు అందదు.

మామూలు మోతాదు రోజుకు 20 మిల్లీగ్రాములు, ఒకే వేళకి. తిన్నాకైనా, ముందైనా ఫర్వాలేదు. లేబుల్ మీద సిట్రేట్ 30.4 మిల్లీగ్రాములని కనిపిస్తే కంగారు వద్దు, అందులో అసలు మందు 20. సాధారణంగా 5 ఏళ్లు, కొందరికి 10 ఏళ్లు వాడమంటారు.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. టామాక్సిఫెన్‌ను లివర్‌లోని సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ ఎండాక్సిఫెన్‌గా మారిస్తేనే పూర్తి బలం వస్తుంది. పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్, బుప్రోపియాన్ అనే డిప్రెషన్ మందులు ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. టామాక్సిఫెన్ వల్ల ఒంట్లో వచ్చే వేడి ఆవిర్లకని పారోక్సెటిన్ రాసేవాళ్లూ ఉంటారు కాబట్టి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందుగా ‘టామాక్సిఫెన్ వాడుతున్నా’ అని చెప్పండి. ఆవిర్లకు వెన్లాఫాక్సిన్ గురించి అడగొచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు తప్పక చెప్పాలి, రక్తం మరీ పలచబడుతుంది.

ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికి 5 నుంచి 7 రోజులు పడుతుంది. అందుకే ఒక పూట మరిచిపోతే మునిగిపోయేదేమీ లేదు. గుర్తొచ్చినప్పుడు వేసుకోండి; మర్నాటి వేళ దగ్గరపడితే వదిలేయండి. రెండు మాత్రలు కలిపి మాత్రం వద్దు. అసలు నష్టం, ఆవిర్లు భరించలేక ఎవరికీ చెప్పకుండా మానేస్తేనే.

గర్భసంచి పొరలో మాత్రం ఇదే మందు ఈస్ట్రోజన్‌లా ప్రవర్తిస్తుంది. నెలసరి ఆగిపోయినవాళ్లకి చుక్క రక్తం కనిపించినా గైనకాలజిస్టుకు చూపించాలి. ఒక పిక్క వాచి నొప్పిపెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టి ఉండొచ్చు: ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లండి. ఆపరేషన్ ఉంటే ముందే సర్జన్‌కు చెప్పండి.

నెలసరి తప్పినా గర్భం రాదనుకోవద్దు. రాకుండా కండోమ్ గానీ కాపర్-టీ గానీ వాడండి, హార్మోన్ మాత్రలు కాదు. మందు ఆపినా అది కొన్ని వారాలు ఒంట్లోనే ఉంటుంది, పిల్లల కోసం ప్రయత్నించే ముందు ఎన్ని నెలలు ఆగాలో ఆంకాలజిస్టుని అడగండి.