చత్వారం వచ్చాక రక్షణ కళ్ళద్దాలు – మూడో పాఠం: చేతిపనికి తగిన నంబరు

పోయిన పాఠంలో అద్దం గట్టిదనం చూశాం. పాలికార్బనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన అద్దం కావాలి. దాని మీదో పక్క కాడ మీదో ‘ఈఎన్ 166 ఎఫ్’, ‘జడ్87+’, మన ‘ఐఎస్ 5983’లలో ఏదో ఒక రక్షణ ప్రమాణపు గుర్తు చెక్కి ఉండాలి. అట్టపెట్టె మీద అతికించిన స్టిక్కరు లెక్కలోకి రాదు. ఎఫ్ గుర్తు ఉందంటే 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండు సెకనుకు 45 మీటర్ల వేగంతో, అంటే గంటకు 160 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో వచ్చి తగిలినా అద్దం తట్టుకోవాలి. ఆ భాగం వచ్చేసిందనుకుని ఇవాళ నంబరు సంగతి మొదలుపెడదాం.

తిరుపతిలో రాతి విగ్రహాలు చెక్కే చోట కాసేపు నిలబడి చూడండి. వయసు మళ్ళిన శిల్పి విగ్రహం కనురెప్ప గీత చెక్కుతుంటాడు. గాగుల్స్ పెట్టుకునే కూర్చుంటాడు. కానీ పెన్సిల్ గీత మసగ్గా కనిపిస్తుంది. గాగుల్స్ నుదుటి మీదికి తోసి, తల వెనక్కి లాగి గీత చూసుకుంటాడు. ఉలి ఆనిస్తాడు, సుత్తి దెబ్బ వేస్తాడు. గాగుల్స్ మాత్రం ఇంకా నుదుటి మీదే ఉంటాయి. రాతి పెచ్చు ఎగిరేది సరిగ్గా ఆ దెబ్బకే. చిత్తూరు వైపు గ్రానైట్ యూనిట్లలో, ఆటోనగర్ లేత్ షెడ్లలో కూడా ఇదే తంతు. వీళ్ళను నిర్లక్ష్యపు మనుషులంటే నేను ఒప్పుకోను. ఆ గాగుల్స్‌లోంచి పని కనిపించదు, అందుకే తీస్తారు. నంబరు అద్దంలోనే ఉంటే తీయాల్సిన అవసరమే రాదు.

అయితే ఏ నంబరు? చాలామంది దుకాణంలో ‘పేపరు చదివే అద్దాలు ప్లస్ రెండు, అదే ఇవ్వండి’ అంటారు. తప్పు ఇక్కడే జరుగుతుంది. డాక్టరు చదవడానికని రాసే నంబరు సుమారు 40 సెంటీమీటర్ల దూరానికి సరిపోతుంది. మనం పుస్తకం పట్టుకునే దూరం అది. లేత్ మీద తిరిగే కమ్మీ అంత దగ్గర ఉండదు, ఉండకూడదు కూడా. ఎక్కువ నంబరు పెట్టుకున్న మనిషి స్పష్టత కోసం తెలియకుండానే ముఖాన్ని పని మీదికి వంచుతాడు. రవ్వలకు ఎదురెళ్ళినట్టే కదా!

అందుకే ముందు కొలుద్దాం. మీరు రోజూ కూర్చునే తీరులోనే కూర్చోండి, టేపు కోసమని నిటారుగా సర్దుకోవద్దు. పక్కన ఒకరిని నిలబెట్టి, కంటి కొస నుంచి పనిముట్టు మొన దాకా కొలిపించండి. మిషన్ ఆపి ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. ఎన్ని సెంటీమీటర్లో రాసుకోండి.

ఇప్పుడు లెక్క. 100ని ఆ సెంటీమీటర్లతో భాగించండి. వచ్చినదాన్ని 2.5లోంచి (చదివే దూరం 40తో 100ని భాగిస్తే వచ్చేది ఇదే) తీసేయండి. మిగిలినంత మేర మీ చదివే నంబరు తగ్గించండి. ఉదాహరణకు చదివే నంబరు +2.00 ఉన్న శిల్పికి ఉలి మొన 50 సెంటీమీటర్లలో ఉందనుకోండి. 100ని 50తో భాగిస్తే 2. 2.5లోంచి 2 పోతే అర. ఆయనకు కావలసింది +1.50. అదే నంబరున్న లేత్ మనిషి 66 సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తే ఒకటి తగ్గుతుంది, +1.00 చాలు. రేణిగుంట దగ్గరి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో బోర్డు మీద సోల్డరింగ్ చేసేవాళ్ళు 33 సెంటీమీటర్ల దాకా వంగుతారు. అక్కడ లెక్క తిరగబడుతుంది, అర కలపాలి: +2.50. ఒకే చదివే నంబరుకు మూడు పనులకు మూడు అద్దాలు! ఈ తేడా తెలియక ఎంతమంది ‘నాకు రీడింగ్ గాగుల్స్ పడవు’ అని పక్కన పడేశారో.

ఈ లెక్క దూరపు చూపుకు నంబరు లేనివాళ్ళకు నేరుగా పనికొస్తుంది. దూరానికీ నంబరు ఉన్నా, రెండు కళ్ళ నంబర్లు వేరైనా, చీటీలో సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా సమంగా లేనివాళ్ళకు రాసేది) రాసి ఉన్నా రెడీమేడ్ సరుకు జోలికి పోవద్దు. మీ చీటీ ప్రకారం చేయించుకున్న రక్షణ అద్దాలే కావాలి. ఖర్చు ఎక్కువే, కానీ ఇందులో బేరం లేదు. అసలు పరీక్షే చేయించుకోనివాళ్ళు తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రికో, మీకు దగ్గర్లోని కంటి డాక్టరు దగ్గరికో ముందు వెళ్ళండి. షుగర్ ఉన్నవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. మసక చూపంతా చత్వారమే కానక్కర్లేదు.

నంబరు తేలాక, అది అద్దంలో ఎక్కడ ఉందో చూడాలి. బైఫోకల్ రకంలో నంబరు కింద చిన్న ముక్కలో ఉంటుంది, పైభాగం మామూలు అద్దం. బల్ల మీది పని చేస్తూ మధ్యమధ్య తలెత్తి చూసేవాళ్ళకు ఇది హాయి. సీలింగ్ వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్‌కు మాత్రం శిక్షే. పైకి చూస్తే నంబరు లేని భాగం ఎదురవుతుంది, తల పూర్తిగా వెనక్కి వాల్చి మెడనొప్పి తెచ్చుకుంటాడు. అలాంటి పనికి అద్దమంతా నంబరున్న రకమో, పైనా కిందా రెండు చోట్లా ముక్కలున్న రకమో తీసుకోవాలి. అద్దమంతా నంబరైతే ఒక కట్టుబాటు తప్పదు: పని చోటు దాటితే తీసేయాలి. వాటితో దూరం మసకే, బండి నడపకూడదు. బైఫోకల్ వాళ్ళకూ మెట్లు దిగేటప్పుడు పాదం దగ్గర మసగ్గా ఉంటుంది, తల వంచి మెట్టును పైభాగంలోంచి చూడండి.

దుకాణంలో అక్షరాల కార్డు ఇస్తారు. దాన్ని పక్కన పెట్టి, జేబులోంచి స్టీలు స్కేలు తీయండి. మీరు కొలిచిన దూరంలో పట్టుకుంటే మిల్లీమీటరు గీతలు విడివిడిగా కనిపించాలి. స్కేలును ఒక జానెడు ముందుకూ వెనక్కీ జరపండి. కొంత మేరైనా స్పష్టత నిలవాలి. రెండు నంబర్లు దాదాపు ఒకేలా అనిపిస్తే తక్కువదే తీసుకోండి, కాస్త దూరం కూడా కలిసొస్తుంది. పది నిమిషాలు పెట్టుకునే ఉండండి. తల బరువెక్కితే అద్దాల నడిమి దూరం మీ కళ్ళకు కుదరలేదేమో, వేరే జత చూడండి.

ఒక్క హెచ్చరిక. నంబరుకూ వెల్డింగ్ వెలుగుకూ సంబంధం లేదు. ఆర్క్ వెల్డింగ్‌కు ముదురు ఫిల్టరున్న షీల్డ్ ముఖం మీద ఉండాల్సిందే. నంబరు కళ్ళద్దాలు దాని లోపల పెట్టుకోవచ్చు.

అభ్యాసం: మీరు చేసే పనుల్లో మూడింటికి దూరాలు కొలిచి, ఒక్కోదానికి కావలసిన నంబరు లెక్కకట్టండి. ఆ పనుల్లో చూపు కిందికా, ఎదురుగానా, పైకా అన్నది కూడా పక్కన రాయండి. తర్వాతి పాఠంలో ఎండాకాలపు చెమటకు అద్దం మసకబారకుండా ఏం చేయాలో, రాతిపొడి పడ్డ అద్దాన్ని గీతలు పడకుండా ఎలా కడగాలో చూద్దాం. అందాకా చొక్కా అంచుతో తుడవకండి, థిన్నర్ అసలే తాకించకండి.