కొలిచి కలుపుదాం – 4వ పాఠం: చిక్కని ద్రావణం నుంచి పలుచని ద్రావణం

గత పాఠంలో 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు 33 గ్రాములతో లీటరు ద్రావణం కలిపి, సున్నం అడుగున పేరుకున్నాక పైతేటను ముదురు రంగు సీసాలోకి వంచుకున్నాం. అదే మన 1 శాతం నిల్వ ద్రావణం. లీటరుకు 10 గ్రాముల క్లోరిన్, అంటే 10,000 మిల్లీగ్రాములు. వారం దాటిన సీసాను నమ్మకండి, మళ్లీ కలుపుకోండి.

ఇప్పుడు దాన్ని పలుచన చేద్దాం. నీళ్లు పోసినంత మాత్రాన అందులోని క్లోరిన్ పెరగదు, తరగదు. అందుకే నిల్వ ద్రావణం గాఢతను తీసుకున్న పరిమాణంతో గుణించినా, కావలసిన గాఢతను మొత్తం పరిమాణంతో గుణించినా వచ్చేది ఒకటే.

‘మొత్తం’ అన్న మాట కింద గీత గీసుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక, మా శ్రీకాకుళం జిల్లాలో ఇళ్లు కడుక్కున్న రోజుల్లో నేను తప్పింది ఇక్కడే. బురద తీసేసిన నేలను తుడవడానికి 0.5 శాతం ద్రావణం 10 లీటర్లు కావాలి. దానికి నిల్వ ద్రావణం 5 లీటర్లు. అది సరిగ్గానే కొలిచాను. దానిపై ఏకంగా 10 లీటర్ల నీళ్లు పోశాను. మొత్తం 15 లీటర్లయి గాఢత 0.33 శాతానికి పడిపోయింది. పోయవలసింది 5 లీటర్లే. అప్పటి నుంచి ప్లాస్టిక్ బకెట్‌కు 10 లీటర్ల దగ్గర ముందే గీత పెట్టుకుంటాను. ద్రావణం పోశాక ఆ గీత వరకే నీళ్లు.

ఇక నుయ్యి. వెడల్పు 2 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లు అనుకోండి. వెడల్పులో సగం, అంటే వ్యాసార్ధం, 1 మీటరు. 3.14 × 1 × 1 × 3 = 9.42 ఘనపు మీటర్లు, అంటే 9,420 లీటర్లు. లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 18,840 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి. 10,000తో భాగిస్తే దాదాపు 1.88 లీటర్ల నిల్వ ద్రావణం. తొమ్మిది వేల లీటర్లకు రెండు లీటర్లు చేరినా మొత్తం మారినట్టు కాదు కాబట్టి ఇక్కడ గీత బెంగ లేదు. అయితే వరద నీరు దిగిన నూతికి 2 మిల్లీగ్రాములు చాలకపోవచ్చు, మురికే క్లోరిన్‌ను మింగేస్తుంది. ఎంత వేయాలో తేల్చే హారాక్స్ పరీక్ష వచ్చే పాఠంలో.

మరుగుదొడ్డి కడిగే ఆమ్లాన్ని ఈ ద్రావణం దరిదాపులకు కూడా రానివ్వకండి. రెండూ కలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

అభ్యాసం: నాగావళి ఒడ్డున ఒక నుయ్యి వెడల్పు 3 మీటర్లు, నీటి లోతు 2 మీటర్లు. మోతాదు అదే. జవాబు సుమారు 2.83 లీటర్లు రావాలి. రాకపోతే వ్యాసార్ధానికి బదులు వెడల్పునే వేశారేమో చూసుకోండి.