ఎండలు ముదరకముందే ఓవర్‌క్లాక్ సంగతి చూసుకోండి

కర్నూలులో ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం మామూలే. బండలు పరిచిన మిద్దె రాత్రి పదైనా సెగ కక్కుతూనే ఉంటుంది. జనవరిలో బాగా నడిచింది కదా అని అదే ఓవర్‌క్లాక్‌ను (కంప్యూటర్ ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగంకంటే ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్‌ను) మే నెలకీ వదిలేయకండి. ఫ్యాన్ కూలరైనా, లిక్విడ్ కూలరైనా ప్రాసెసర్‌ను గది గాలికంటే చల్లగా చేయలేదు. గది వేడి ఎంత పెరిగితే ప్రాసెసర్ వేడీ దాదాపు అంతే పెరుగుతుంది. గది 24 డిగ్రీలున్నప్పుడు గేమ్‌లో 82 చూపిస్తే, గది 38కి చేరాక 96 చూపిస్తుంది. ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 95. అది తగిలిందంటే వేగం దానంతట అదే తగ్గిపోతుంది, మీరు పడ్డ కష్టమంతా వృథా.

ఓవర్‌క్లాక్ కుదురుతుందో లేదో తెలియాలంటే ప్రాసెసర్ పేరు చూడండి. ఇంటెల్ అయితే పేరు చివర కె, కెఎఫ్ లేదా కెఎస్ ఉండాలి, మదర్‌బోర్డు జెడ్ సిరీస్‌ది కావాలి. బి760 బోర్డులో 13600కె పెట్టినా మల్టిప్లయర్ (ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గుణకం) పెరగదు, ర్యామ్ వేగం మాత్రం పెంచుకోవచ్చు. రైజెన్‌లో చాలావాటికి వేగం పెంచకుండా తాళం ఉండదు కానీ ఏ520 బోర్డు ఒప్పుకోదు.

అందరూ మర్చిపోయేది మదర్‌బోర్డునే. క్యాబినెట్ పక్క తలుపు తీసి సాకెట్ చుట్టూ చూడండి. బూడిద రంగు చిన్న డబ్బీలు వరుసగా, వాటి పక్కనే గోరంత నల్లటి చిప్పులు కనిపిస్తాయి. అదే వీఆర్ఎం. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒకటింబావు వోల్టు దగ్గరికి దించేది అదే. ఆ చిప్పుల మీద హీట్‌సింక్ లేకపోతే ఎండాకాలంలో ఓవర్‌క్లాక్ ఆలోచనే వద్దు. లిక్విడ్ కూలర్ పెట్టినవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, సాకెట్ దగ్గర ఫ్యాన్ గాలి ఆడదు కాబట్టి ప్రాసెసర్ చల్లగా ఉన్నా వీఆర్ఎం కాలిపోతూ ఉంటుంది.

వోల్టేజీని ఆటోలో వదలొద్దు, కొన్ని బోర్డులు అవసరానికి మించి ఎక్కిస్తాయి. 4.5 గిగాహెర్ట్జ్‌ను 5కి పెంచడానికి వోల్టేజీ 1.2 నుంచి 1.35కి తీసుకెళ్తే వేగం పెరిగేది 11 శాతం, వేడి పెరిగేది సుమారు 40 శాతం. మన ఎండలకు ఇది గిట్టుబాటయ్యే బేరం కాదు.

బయాస్ (మదర్‌బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ మాత్రం తప్పనిసరి. 2023లో కొన్ని రైజెన్ 7000 ప్రాసెసర్లు కాలిపోయాక ఎస్‌ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ వంటి భాగాలకు వెళ్లేదాన్ని) 1.3కి కట్టడి చేశారు. ఇంటెల్ 13, 14 తరాలకు వోల్టేజీ సవరణ 2024లో వచ్చింది. అయితే అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. యూపీఎస్ లేకుండా దాని జోలికి వెళ్లొద్దు.

గది చల్లబరిచే నీళ్ల కూలర్‌కు ఎదురుగా క్యాబినెట్ పెట్టకండి, తేమ గాలి నేరుగా లోపలికి పోతుంది. ఫిల్టర్లలో దుమ్ము దులపండి. తర్వాత మధ్యాహ్నం మూడింటికి ప్రాసెసర్‌పై పూర్తి భారం వేసి పరీక్షించే ఓసీసీటీ ప్రోగ్రామ్‌ను గంటసేపు నడపండి. వేడి కొలిచి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో ప్రోగ్రామ్‌లో ప్రాసెసర్ 85 డిగ్రీలు దాటితే వేగం ఒక మెట్టు దించండి, వోల్టేజీ కూడా తగ్గించి మళ్లీ నడిపి చూడండి.