ఫైర్ అలారం లూప్‌లో డివైస్ పలకడం లేదా? కారణం ఇలా పట్టుకోండి

ప్యానెల్ మీద ‘డివైస్ మిస్సింగ్’ అని రాగానే చాలామంది డిటెక్టర్ మార్చేస్తారు. దయచేసి ఆ తొందర వద్దు. అడ్రసబుల్ ప్యానెల్ లూప్ మీద, అంటే డివైస్‌లన్నిటినీ దానితో కలిపే వైరింగ్ మీద, ఉన్న ప్రతి డివైస్‌నూ దాని అడ్రస్‌తో (దానికిచ్చిన నంబర్‌తో) పిలిచి జవాబు కోసం చూస్తుంది. ఎన్ని అడ్రస్‌లు పోయాయి, అవి వైరింగ్‌లో పక్కపక్కనే ఉన్నాయా అన్నది చూస్తే సగం దారి తెలిసిపోతుంది. ఈవెంట్ లాగ్, లూప్ డ్రాయింగ్ రెండూ ముందు పెట్టుకోండి.

పని మొదలుపెట్టే ముందు బిల్డింగ్ వాళ్లకు, మానిటరింగ్ వాళ్లకు చెప్పండి. గ్యాస్ రిలీజ్, లిఫ్ట్, సైరన్ అవుట్‌పుట్‌లను ఐసొలేట్ చేసి, ఏవేవి ఆపారో కాగితం మీద రాసుకోండి.

ఒక్క డివైసే పోయింది
బేస్‌లో సరిగా కూర్చోకపోవడం, స్క్రూ వదులు, అడ్రస్ తప్పు: ముందు ఇవే చూడండి. తర్వాత బాగున్న అదే మోడల్ డిటెక్టర్‌ను అదే అడ్రస్‌తో పెట్టండి. ఫాల్ట్ పోతే పాత డిటెక్టర్‌దే తప్పు. పోకపోతే బేస్, వైర్లు చూడాలి.

డూప్లికేట్ అడ్రస్
అనుమానం ఉన్న డిటెక్టర్‌ను తీసేయండి. ఆ తర్వాత కూడా ఆ అడ్రస్ జవాబిస్తుంటే అదే నంబర్ ఇంకెక్కడో ఉన్నట్టే. ఈమధ్య కొత్తగా బిగించిన వాటితో వెతకడం మొదలుపెట్టండి.

వరసగా కొన్ని పోయాయి
రెండు ఐసొలేటర్ల (షార్ట్ అయిన భాగాన్ని లూప్ నుంచి విడగొట్టే డివైస్‌లు) మధ్య షార్ట్ అయి ఉంటుంది. ఆ సెక్షన్‌ను మధ్యలో విడదీసి, షార్ట్ ఏ సగంలో ఉందో చూసి, మళ్లీ దాన్ని సగం చేస్తూ పోండి. రిటర్న్ ఉన్న లూప్‌లో, అంటే రెండో చివర కూడా తిరిగి ప్యానెల్‌కే వచ్చే లూప్‌లో, ఒక్కచోట తెగితే డివైస్‌లు పోవు, ‘ఓపెన్ లూప్’ మాత్రమే వస్తుంది. అందుకే దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తారు. రెండోచోట తెగిందంటే మధ్యలో ఉన్నవన్నీ ఒకేసారి పోతాయి.

లూప్ మొత్తం పోయింది
ఫీల్డ్ వైర్లు విప్పి ప్యానెల్ టెర్మినల్స్ దగ్గర వోల్టేజ్ కొలవండి. వస్తే తప్పు వైరింగ్‌లో, రాకపోతే లూప్ కార్డులో (ప్యానెల్ లోపల లూప్‌ను నడిపే బోర్డు).

వచ్చి పోయే ఫాల్ట్
అసలు టెన్షన్ దీనితోనే. లాగ్‌లో టైమ్ చూడండి. వాన పడ్డప్పుడే వస్తుంటే ఏదో జంక్షన్ బాక్స్‌లోకి నీళ్లు చేరుతున్నాయి. మోటార్లు నడిచేటప్పుడే వస్తుంటే లూప్ కేబుల్ పవర్ కేబుల్ పక్కనే పోతోందేమో చూడండి. షీల్డ్ ఉన్న కేబుల్ అయితే ప్రతి బేస్ దగ్గరా షీల్డ్ కలిసి ఉండాలి. తయారీదారు చెప్పిన చోటే, సాధారణంగా ప్యానెల్ దగ్గరే, దానికి ఎర్త్ ఇవ్వాలి.

లూప్ రెండు చివర్లూ ప్యానెల్ నుంచి విప్పి ఒక్కో కోర్ రెసిస్టెన్స్ కొలవండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 12 ఓమ్‌లు ఉంటుంది. రెండు కోర్ల రీడింగ్‌లు దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి బాగా ఎక్కువ చూపిస్తే ఆ తీగలో ఎక్కడో జాయింట్ వదులైంది. ఐసొలేటర్లు ఉంటే రీడింగ్ నేరుగా రాకపోవచ్చు, సెక్షన్లుగా కొలవండి. డివైస్‌లు లూప్‌లో ఉండగా మెగ్గర్ (ఎక్కువ వోల్టేజ్‌తో ఇన్సులేషన్ కొలిచే మీటర్) మాత్రం ఎప్పుడూ వాడకండి, అవి కాలిపోతాయి.

ఫాల్ట్ పోయాక ప్రభావితమైన ప్రతి డిటెక్టర్‌నూ టెస్ట్ స్మోక్‌తో పరీక్షించి, సరైన అడ్రస్, సరైన పేరు ప్యానెల్ మీద వస్తున్నాయో లేదో చూడండి. మొదట్లో రాసుకున్న కాగితం తీసి, ఆపిన అవుట్‌పుట్‌లన్నీ ఒక్కొక్కటిగా తిరిగి ఆన్ చేయండి.